నకల్ అంటే ఏదని నేను అడగలేదు

పోయినవి

ముందు పోయినవాటి లెక్క చెబుతాను.

మనుషుల వివరాలు పదకొండు వందల నలభై ఆరు. పాస్‌పోర్టు ఫొటోలు తొమ్మిది వందల ఎనభై. గొంతులు ఆరు వందల పన్నెండు. ఆ గొంతులన్నీ కలిపితే ఇరవై ఏడు వేల ఐదు వందల నలభై సెకన్లు, అంటే ఏడు గంటల ముప్ఫై తొమ్మిది నిమిషాలు. ఇవన్నీ పోవడానికి నేను కొట్టిన అక్షరాలు ఐదు. ఎంతసేపు పట్టిందో మాత్రం కొలవలేదు. నా జీవితంలో కొలవకుండా వదిలేసినవి తక్కువ, వాటిలో ఇదొకటి.

నాకు యాభై ఆరేళ్లు. చూపు మందగించి పోయినేడాది పని మానేశాను. పెద్ద చదువు లేదు. కంప్యూటరు పనిని చూసి, అడిగి, చెడగొట్టి నేర్చుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు ఏ కమాండు ముందు నేర్చుకోవాలని అడుగుతుంటారు. కమాండ్లు ఎక్కడైనా దొరుకుతాయి. అవి దొరికే చోట దొరకనిది రాయాలని కూర్చున్నాను.

తానుకు కట్టిన చీటీ

నా మొదటి పని సిరిసిల్లలో. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఒక షెడ్డులో పదహారు సాంచలు, వాటి లెక్క నాది. బట్టలో అంగుళానికి ఎన్ని అడ్డపోగులు పడ్డాయో దాన్ని పిక్కులంటారు. నేసేవాడి కూలి ఆ పిక్కుల మీదే ఆధారపడి ఉంటుంది. భూతద్దం పెట్టి లెక్కబెట్టాలి. రోజుకు నలభై తాన్లు, అంటే బట్ట చుట్టలు, చూసేవాణ్ని. కొన్నాళ్లకు కళ్లు నొప్పి పుట్టి, తానుకు కట్టిన చీటీ మీద ఉన్న అంకె చూసి రాయడం మొదలుపెట్టాను.

ఒకరోజు మల్లేశం అనే కార్మికుడు తన తాను తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"ఎంత రాసినవ్ నాకు?"

"నలభై ఎనిమిది పిక్కులు."

"లెక్కవెట్టినవా, చీటీ సదివినవా?"

భూతద్దం తీసి నా చేతిలో పెట్టాడు. యాభై రెండు వచ్చాయి. ఎవరో రెండు సాంచల చీటీలు తారుమారు చేశారు.

"చీటీకేం దెలుస్తది అన్నా," అన్నాడు మల్లేశం. "దానికి దారం కట్టి యాడ ఏలాడదీస్తె ఆడ ఏలాడుతది."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట నేర్చుకున్నాననే అనుకున్నాను. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. పదహారు సాంచలు ఒక్కసారి ఆగినప్పుడు చెవుల్లో నిండే ఆ నిశ్శబ్దం మాత్రం ఇప్పటికీ గుర్తుకొస్తుంది. మళ్లీ ఒక్కసారి వింటే బాగుండుననిపిస్తుంది.

నల్ల తెర

షెడ్డు మూతపడ్డాక జగిత్యాలలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. దుకాణాలకు, దవాఖానాలకు యాప్‌లు చేసిచ్చే ఆఫీసు. మా పైన స్రవంతి మేడం ఉండేది. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. నన్ను పెట్టుకున్నది బిల్లులు రాయడానికి. ఆమె కంప్యూటర్లో నల్ల తెర మీద తెల్లక్షరాలు పరుగెత్తడం నేను వెనక నిలబడి చూసేవాణ్ని.

"ఏం సూస్తున్నరు సార్?" అని ఒకసారి అడిగింది.

"బొమ్మలు లెవ్వు, బటన్లు లెవ్వు. దీనికి మీరు చెప్పింది ఎట్ల సమజైతది?"

"బటన్ నొక్కితే అది ఎంత ఇస్తదో అంతే తీసుకోవాలె. దీనికైతే మనకేం గావాల్నో మనమే చెప్పాలె. కూసోండ్రి."

అట్లా మొదలైంది. క్లౌడ్ అనే మాటకు నేను నాకోసం ఇలా అర్థం చెప్పుకున్నాను. సిరిసిల్లలో సొంత షెడ్డు లేనివాడు వేరేవాళ్ల షెడ్డులో సాంచలు కిరాయికి తీసుకుని తన నూలు తెచ్చి నేస్తాడు. కరెంటు, గోడలు, తాళం వాళ్లవి. నూలు, డిజైను, పొరపాట్లు ఇతనివి. ఇదీ అంతే. ఎక్కడో పెద్ద షెడ్డులో ఆగకుండా నడిచే యంత్రాల్లో మనకు కొంత చోటు కిరాయికిస్తారు. దాన్ని ఇక్కడి నుంచి నడపడానికి ఒక పనిముట్టు ఇస్తారు. దాన్ని మన కంప్యూటర్లో ఎక్కించుకోవాలి. లాగిన్ అనే కమాండుతో మనమెవరమో చెప్పాలి. తర్వాత ఒక ప్రాజెక్టు తయారుచేసి పేరు పెట్టాలి. యాప్ ఏ ఊరి యంత్రాల మీద నడవాలో ఎంచుకోవాలి. మేము ముంబయి ఎంచుకునేవాళ్లం. చివరికి డిప్లాయ్ అని కొడితే, ఇక్కడ మన దగ్గరున్న యాప్ అక్కడికి వెళ్లి నడవడం మొదలుపెడుతుంది.

మొదటిసారి అది చేసినరోజు నలభై మూడు వరుసలు తెర మీద పైకి వెళ్లాయి. లెక్కబెట్టాను. చివరి వరుసలో ఒక చిరునామా వచ్చింది. మేడం తన ఫోన్లో అది తెరిచి చూపించింది. నేను జగిత్యాలలో కూర్చుని చేసిన పేజీ.

"ఇగ బిల్లులు రాయనీకి వేరేటోళ్లను సూసుకోవాలె," అంది నవ్వుతూ.

మేడం నేర్పిన నియమం ఒకటుంది. ఎంటర్ కొట్టే ముందు, ఇప్పుడు మనం ఏ ప్రాజెక్టులో ఉన్నామో ఆ పనిముట్టునే అడగాలి. దానికొక కమాండుంది. ఎన్నేళ్లు చేసినా ఆ అలవాటు తప్పలేదు. ఇక్కడ ఇది రాయడానికి కారణముంది. అన్నీ పోయిన ఆరోజు కూడా నేను ఆ ప్రశ్న అడిగాను. అది సరైన జవాబే చెప్పింది.

చెప్పి పోవుడు

కోరుట్లలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు కొందరు కలిసి ఒక గది తీసుకుని సంఘం పెట్టుకున్నారు. ఊరు వదిలి వెళ్లేవాడు ముందు అక్కడికి వచ్చి తన వివరాలు చెప్పి వెళ్లాలని నియమం. దాన్ని వాళ్లు చెప్పి పోవుడు అనేవారు. రాయలేనివాళ్లు చాలామంది. అందుకని మైకు ముందు కూర్చోబెట్టి వాళ్ల గొంతుతోనే చెప్పించేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు, ఏ కంపెనీ, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి. ఇవన్నీ ఒకచోట ఉండేలా, ధర్మపురిలో ఉన్నవాళ్లయినా బీర్పూర్‌లో ఉన్నవాళ్లయినా ఫోన్లో చూసుకునేలా యాప్ కావాలన్నారు. జగిత్యాల ఆఫీసు మానేసి కోరుట్లలో గది తీసుకుని ఆ పనిలో దిగాను.

ఆ గదిని చూసుకునేది నర్సయ్యన్న. తహసీల్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని నలభై ఏళ్లు దరఖాస్తులు రాసిన మనిషి. చేతిరాత ముత్యాల్లా ఉండేది. కంప్యూటర్ అంటే భయం లేదు. ఏది చెప్పినా చెప్పినట్టు చేసేవాడు, ఒక్క అక్షరం ఎక్కువ చేసేవాడు కాదు. అందుకని ఆయన కోసం ఒక నోట్‌బుక్ రాసిపెట్టాను. ఉన్న చోటు నిండిపోతే కొత్త ప్రాజెక్టు ఎలా పెట్టాలి, అన్నీ అందులోకి ఎలా తరలించాలి, యాప్‌ను దానికి ఎలా కలపాలి. మొత్తం పద్నాలుగు మెట్లు. పద్నాలుగోది, తరలించాక పాతదాన్ని ఖాళీ చేయడం. మూడో మెట్టు దగ్గర, కొత్త ప్రాజెక్టు పేరు అని రాసి పక్కన ఖాళీ గీత గీశాను. పేరు అప్పటికి చూసుకోవచ్చనుకున్నాను.

పాత ప్రాజెక్టు పేరు అసల్, అంటే మూలప్రతి. ఆ పేరు పెట్టింది నేనే.

మల్లాపూర్ నుంచి రూతమ్మ నెలకోసారి వచ్చేది. బీడీలు చేసేది. భర్త పేరు దావీదు. అతడు వెళ్లిన తొమ్మిది నెలలకు ఫోన్లు ఆగిపోయాయి. క్యాంపు నుంచి ఎటో పోయాడన్నది కంపెనీ. అంతకుమించి సంఘానికీ తెలియలేదు. ఆమె దగ్గరుంది చిన్న బటన్ ఫోను. గదిలోకి వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చునేది. నర్సయ్యన్న స్పీకర్ పెట్టేవాడు. దావీదు గొంతు వచ్చేది. ఒక్కసారి విని లేచేది. రెండోసారి పెట్టమని ఎన్నడూ అడగలేదు.

"బిడ్డా, మెమరీ కార్డుల ఏసిస్త. ఇంట్ల ఇనుకో," అన్నాడు నర్సయ్యన్న ఒకసారి.

"వద్దు పెదనాన్నా. ఇంట్ల ఉంటె దినాం ఇంట. దినాం ఇనుకుంట కూసుంటె బీడీలెవలు జేస్తరు? ఈడనే ఉండనీ, పదిలంగుంటది."

ఇంకోసారి నాతో అంది: "పాస్‌పోర్టు నంబరు నోటికొచ్చేసింది సారూ. నా ఆధార్ నంబరు అడుగుండ్రి, తెల్వది."

ఐదు అక్షరాలు

నా కంటికి ఆపరేషన్ అయింది. రెండు వారాలు తెర చూడొద్దన్నారు. సిరిసిల్లలో ఇంట్లో ఉన్నాను. ఆ రెండు వారాల్లోనే అసల్ నిండిపోయింది. కొత్త గొంతులు ఎక్కలేదు. నర్సయ్యన్న నోట్‌బుక్ తీశాడు. మూడో మెట్టు దగ్గర ఖాళీ గీత కనపడింది. తనకు సరైనదనిపించిన పేరు రాశాడు. పద్నాలుగు మెట్లూ పొల్లుపోకుండా చేశాడు. నాకు ఫోన్ చేశాడు.

"అన్నీ నకల్ల వెట్టిన తమ్మీ. పదిలంగున్నై. ఫికర్ చెయ్యకు."

"మంచిదన్నా," అన్నాను. కంట్లో మందు చుక్కలు వేసుకునే సమయమైంది, పెట్టేశాను.

నకల్ అంటే నాకు కాపీ. ఆయన అన్నింటికీ ఒక కాపీ తీసి పక్కన పెట్టాడని అర్థం చేసుకున్నాను. నోట్‌బుక్‌లోని పద్నాలుగు మెట్లూ పూర్తిచేశాడని తోచలేదు.

తిరిగి వెళ్లిన మొదటిరోజు పొద్దున పదకొండింటికి నల్ల తెర తెరిచాను. ప్రాజెక్టులేమున్నాయని అడిగితే రెండు వచ్చాయి. అసల్, నకల్. మేము పైసా కట్టకుండా వాడుకునే ఖాతాకు రెండు ప్రాజెక్టులే అనుమతి. అసల్ నిండవచ్చిందని నాకు గుర్తుంది. కొత్తది, గట్టిది పెట్టాలి. దానికి చోటు కావాలి. నర్సయ్యన్న తీసిన కాపీని తీసేసి, గంటలో దానికంటే మంచి కాపీ పెడదామనుకున్నాను.

మేడం చెప్పినట్టే ఎక్కడున్నానని అడిగాను. నకల్ అని చెప్పింది. తుడిచేయమన్నాను. పూర్తిగా తుడిచేస్తే మళ్లీ రాదని, నిజంగా తుడవాలంటే ప్రాజెక్టు పేరు టైప్ చేయమని అడిగింది. ఐదు అక్షరాలు. ఎన్, ఏ, కే, ఏ, ఎల్. ఎంటర్.

అందులో ఎన్ని ఉన్నాయని అడగడానికి ఒక్క వరుస చాలు. సంచిలో ఉల్లిగడ్డలు కూడా లెక్కబెట్టి కొనేవాణ్ని, అది అడగలేదు.

తర్వాత అసల్‌లో ఎన్ని ఉన్నాయని అడిగాను. సున్నా వచ్చింది. మళ్లీ అడిగాను. సున్నా.

నర్సయ్యన్న చాయ్ గ్లాసులతో లోపలికి వస్తున్నాడు.

"అన్నా, అసల్ ఖాళీగున్నదేంది?"

"ఖాళీ చేసిన గదా. పద్నాలుగో లైనుల నువ్వే రాసినవ్. అన్నీ నకల్ల ఉన్నై."

"నకల్ తుడిసిన."

ఆయన గ్లాసులు బల్ల మీద పెట్టాడు. కోపంగా లేడు. అర్థం కాక చూస్తున్నాడు.

"నకల్ ఎవలన్న తుడుస్తరా తమ్మీ? అసల్ దఫ్తర్ల పెట్టెల వడుంటది. ఎలుకలు కొట్టినా అడిగెటోడు లేడు. జనం చేతికి అచ్చేది నకల్. ముద్ర వడేది నకల్ మీద. కోర్టుల సూపెట్టేది నకల్. నలభై ఏండ్లు నకల్ కోసమే గదా మంది నా బల్ల కాడికి అచ్చింది?"

ఆయన చెప్పింది నిజం. భూమి లెక్క రాసే పహాణీ నకల్ కోసం మా నాన్న కూడా తహసీల్ ఆఫీసు ముందు ఎండలో నిలబడ్డాడు. ఆ మాట నాకూ తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక మరిచిపోయాను.

యంత్రాల కంపెనీకి రాశాను. పేరు తిరిగి ఇవ్వగలమన్నారు, లోపలున్నవి ఇవ్వలేమన్నారు. వాళ్ల తప్పేం లేదు. తుడిచే ముందు అడిగారు, నేను చెప్పాను.

"పేరు వెట్టింది నేను," అన్నాడు నర్సయ్యన్న సాయంత్రం తాళం వేస్తూ.

"గీత ఖాళీగ ఇడిసింది నేను," అన్నాను.

ఆ మాట మీద మేమిద్దరం మళ్లీ ఎన్నడూ వాదించుకోలేదు. చాయ్ గ్లాసులు ఆరోజు అలాగే నిండుగా ఉండిపోయాయి.

తిరిగి వచ్చినవి

నా దగ్గర ఒక్కటి మిగిలింది. ఆపరేషన్‌కు ముందు ఎంత చోటు పట్టిందో చూద్దామని, అన్నింటి పేర్లూ నిడివీ ఒక జాబితాగా తీసి కాగితం మీద అచ్చు వేసుకున్నాను. మొదట చెప్పిన అంకెలన్నీ అందులోవే. ఆ గదిలో నేను కుదురుగా చేసిన పని అదొక్కటే అనిపిస్తుంది. గొంతులు లేవు, గొంతుల కొలతలు ఉన్నాయి.

ఆ కాగితాలు పట్టుకుని నాలుగు నెలలు ఫోన్లు చేశాం. వివరాలు, ఫొటోలు ఇళ్లలోంచి మళ్లీ తెచ్చుకోగలిగాం. గొంతులకే కష్టమైంది. ఎడారిలో పని చేసుకునేవాణ్ని పిలిచి, నీ పేరు, మీ నాయన పేరు మళ్లీ చెప్పమంటే ఏమనుకుంటాడు?

"నా గొంతు గంత మంచిగున్నదా సారూ, మళ్ల అడుగుతున్నవ్?" అన్నాడొకడు.

"పోయినసారి చెప్పినప్పుడు నా పెండ్లి కాలే. ఇప్పుడు ఎవలకు చెప్పాల్నో ఆ పేరు మార్చు," అన్నాడు ఇంకొకడు, ఎంతో సంతోషంగా.

ఫోన్లోనే మళ్లీ చెప్పినవాళ్లు మూడు వందల ఎనభై ఎనిమిది మంది. సెలవులో ఊరికి వచ్చి గదిలో కూర్చుని చెప్పినవాళ్లు నూట డెబ్బై ఒక్కరు. ఇక పోయేది లేదు, మా గొంతు అక్కర్లేదు అన్నవాళ్లు యాభై ఇద్దరు. మొత్తం ఆరు వందల పదకొండు.

ఒకటి తక్కువ.

గొంతులు పోయిన వారానికే రూతమ్మ వచ్చింది. ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుంది. నర్సయ్యన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. నేనే చెప్పాలి.

"ఏంది సారూ, మిషన్ ఆగిందా ఇయ్యాల?"

"మిషన్ మంచిగనే ఉందమ్మా. నేను తప్పు జేసిన. గొంతులన్నీ పోయినయి."

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది.

"మొత్తమా? గా గొడుగు ముచ్చట సుత?"

దావీదు ఆరోజు మైకు ముందు అన్నీ చెప్పాడు. పాస్‌పోర్టు నంబరులో ఐదో అంకె దగ్గర తప్పి నవ్వాడు. మళ్లీ చెప్పాలా అని నర్సయ్యన్నను అడిగాడు. చివర మైకు ఆపకముందే వెనక నిలబడ్డ భార్యవైపు తిరిగి, పోయినసారి బస్సులో మరిచిపోయావు, గొడుగు మరిచిపోకు అన్నాడు. అది కూడా రికార్డయింది. కత్తిరిద్దామని నేను అంటే నర్సయ్యన్న ఉండనీ అన్నాడు.

"అది సుత పోయిందమ్మా."

"మీరు మస్తుసార్లు ఇన్నరు గదా. మీకు యాదికున్నదా? చెప్పుండ్రి."

చెప్పాను. పేరు, తండ్రి పేరు, ఊరు. ఐదో అంకె దగ్గర ఆగాను. గొడుగు మరిచిపోకు అన్నాడని చెప్పాను.

"గట్ల కాదు," అంది. "మర్సిపోకే అన్నడు. ఆఖరుకు ఏ అన్నడు."

"మర్సిపోకే," అన్నాను.

ఆమె తల ఆడించింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గడప దగ్గర ఆగింది.

"మాటలన్నీ సరిగ్గనే చెప్పిండ్రు సారూ. గని ఇది నకల్. అసల్ ఏది?"

ఆమెకు మా ప్రాజెక్టుల పేర్లు తెలియవు. నర్సయ్యన్న బయట అరుగు మీద కూర్చుని ఆ మాట విన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

కొత్తవాళ్లకు

నియమాలు పెద్దగా ఏం లేవు. పేరు పెట్టే గీతను ఖాళీగా వదలకండి. ఎదుటి మనిషి నకల్ అంటే, నీ లెక్కన నకల్ అంటే ఏదని అడగండి. సిగ్గుపడకండి. ఎక్కడున్నామని అడిగితే చాలదు, ఎన్ని ఉన్నాయని అడగండి. మల్లేశం నాకు ఆ ముక్క ఇరవై ఏళ్ల వయసులో చెప్పాడు. చీటీ మారింది, నేను మారలేదు.

ఈ పని చెడ్డదని చెప్పడం లేదు. ఇప్పటికీ పొద్దున లేచి కంప్యూటర్ తెరిచి, మసక కళ్లతో నల్ల తెర మీద ఏదో ఒక వరుస కొడుతుంటాను. తప్పు లేకపోతే అది ఏమీ అనదు, కింది వరుసలోకి దిగి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం అంటే నాకు ఇష్టం. కోరుట్ల గదికి తాళం పడింది. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, చెప్పి పోయేవాళ్లు లేరు. నర్సయ్యన్న పండుగకో పబ్బానికో ఫోన్ చేసి, కన్ను ఎట్లుందని అడుగుతాడు.

దావీదు గొంతు కోసం నేను అడగని చోటు లేదు. క్యాంపులో అతనితో ఒకే గదిలో ఉన్నవాళ్లను ఏడుగురిని పట్టుకున్నాను. ఒకరి ఫోన్లో అతని ఫొటో దొరికింది, రూతమ్మకు అచ్చు వేయించి ఇచ్చాను. గొంతు ఎవరి దగ్గరా లేదు. నెల మొదట్లో రూతమ్మ తన బటన్ ఫోన్ నుంచి పిలుస్తుంది.

"సారూ, ఏమన్న దొరికిందా?"

"లేదమ్మా."

"సరే మంచిది."

పెట్టేస్తుంది. నేను బల్ల సొరుగులోంచి ఆ అచ్చు కాగితాలు తీస్తాను. తిరిగి వచ్చిన, అక్కర్లేదన్న ప్రతి పేరు పక్కన పెన్నుతో ఒక గీత ఉంటుంది. గీత లేని వరుస పందొమ్మిదో కాగితంలో, కింది నుంచి నాలుగోది. మల్లాపూర్, దావీదు, నలభై ఏడు సెకన్లు.